మోచేత్తో కొట్టిన స్టాప్ బటన్

రికార్డులో ఏమీ లేదు. ఏమీ లేదు కాబట్టి మనిషి అబద్ధమాడుతున్నాడని తేల్చారు. ముప్పై ఏళ్లకు పైగా యంత్రాల బోర్డులతో కాపురం చేసిన నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఈ విషయం గుర్తొచ్చినప్పుడే. అలా తేల్చిన కాగితం మీద మొదటి సంతకం నాది. అందుకని ఆ మంటలో సగం నా మీదే.

మీలో చాలామంది ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్నారు. నాకంటే బాగా చదువుకున్నారు, మీ చేతుల్లో ఉన్న పరికరాలు మేం కలలో కూడా చూడలేదు. అయినా చెబుతాను, వినండి. నేను నిజామాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. పసుపు పాలిష్ చేసే డ్రమ్ములకు, లారీ కాంటాలకు, చక్కెర మిషన్లకు కంట్రోల్ బోర్డులు చేసి బిగించే కంపెనీ. మొత్తం తొమ్మిది మందిమి. మార్కెట్ యార్డు పక్క గల్లీలో ఉండేవాళ్లం కాబట్టి సీజన్ మొదలైందంటే మా టేబుళ్ల మీద, టిఫిన్ డబ్బాల మీద పసుపు దుమ్ము పేరుకునేది. బోర్డు గీసేది నేనే, అందులోకి ప్రోగ్రాం రాసేది నేనే, చెడిపోతే బస్సెక్కి పోయి బాగుచేసేదీ నేనే. ఈ కథలో తప్పు ఎవరిదని వెతకడానికి చాలా దూరం పోనక్కర్లేదు.

బోధన్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీ ఉంది. చెరుకు పాకంలోంచి మడ్డిని విడగొట్టడానికి అక్కడ చిల్లుల బుట్టలాంటి పెద్ద యంత్రం ఉంటుంది. అది గిర్రున తిరిగితే మడ్డి చిల్లుల్లోంచి బయటికి పోతుంది, చక్కెర గోడకు అంటుకుని మిగులుతుంది. తర్వాత బుట్ట నెమ్మదిగా తిరుగుతుంటే ఒక మనిషి చెక్కతో ఆ చక్కెరను గీకి కిందికి దించుతాడు. ఇంకొకడు బటన్ల దగ్గర ఉంటాడు. అలా ఇద్దరిద్దరు జోడీ. ఈ జోడీలో బటన్ల దగ్గరుండేది బోధన్ పాతబస్తీ మనిషి, ఆపరేటర్. గీకేది పక్క ఊరి రైతుబిడ్డ. పదకొండు సీజన్లు ఇద్దరూ ఒకే బుట్ట దగ్గర పనిచేశారు. ఒకరి పండక్కి ఒకరింట్లో భోజనం.

జనవరిలో ఒక మధ్యాహ్నం గీకేవాడి చొక్కా చెయ్యి బుట్టలో చిక్కింది. ఆపరేటర్ స్టాప్ బటన్ కొట్టి, బుట్ట ఆగుతుందని నమ్మి, జోడీని పట్టుకోవడానికి ఉరికాడు. బుట్ట ఆగలేదు. పక్క మిషన్ దగ్గరివాళ్లు పోయి మెయిన్ స్విచ్ దించేసరికి గీకేవాడి కుడిచేతికి మూడు వేళ్లు లేవు.

వారం తర్వాత ఫ్యాక్టరీ మేనేజర్ మా కంపెనీకి ఫోన్ చేశాడు. బోర్డులో ప్రతి సంఘటనా గంట, నిమిషం, సెకనుతో సహా నమోదవుతుంది కదా, స్టాప్ నొక్కినట్టు ఉందో లేదో చూసి రాసివ్వమన్నాడు. పోయాను. రికార్డు తీశాను. బుట్ట తిరగడం ఉంది, మెయిన్ కరెంటు పోవడం ఉంది. మధ్యలో స్టాప్ లేదు. బటన్ పాడైందేమోనని అక్కడే నిలబడి బొటనవేలితో ఓ యాభైసార్లు నొక్కి చూశాను. యాభైసార్లూ బుద్ధిగా ఆగింది. 'యంత్రము సక్రమముగా పనిచేయుచున్నది. స్టాప్ బటన్ నొక్కినట్లు రికార్డులో లేదు' అని రాసి సంతకం పెట్టాను. మేనేజర్ చాయ్ తాగించాడు. తాగాను కూడా.

ఆ కాగితంతో ఆపరేటర్‌ని తీసేశారు. నిర్లక్ష్యం వల్ల తోటి కార్మికుడు గాయపడ్డాడని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. అన్నిటికంటే ఘోరం ఇంకోటి. గీకేవాడి ఇంట్లోవాళ్లు ఆ కాగితం నమ్మి ఆపరేటర్‌ని గడప తొక్కనివ్వలేదు. దవాఖానాకు అన్నం డబ్బా తీసుకుపోతే వెనక్కి పంపారు.

ఆపరేటర్ నాకు ఫోన్ చేశాడు. "సార్, నేను కొట్టిన. అల్లా కసమ్, కొట్టిన" అన్నాడు. రికార్డులో లేదన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో. తర్వాత కూడా రెండు మూడు సార్లు చేశాడు. ఒకసారి పనిలో ఉన్నానని కట్ చేశాను. ఇంకోసారి పనేమీ లేకుండానే కట్ చేశాను.

మే నెలలో మళ్లీ చేశాడు. ఈసారి ఒట్లు లేవు, బతిమాలడం లేదు. "ఒక్కటి అడుగుత, చెప్పుండ్రి సార్. మీరు బటన్ చూసిననాడు నన్నెందుకు పిలువలె? పదకొండు సీజన్లు కొట్టినోన్ని నేను. నన్ను గేటు బయట నిలవెట్టి మీరు లోపల ఏం చూసిండ్రు?" అన్నాడు. మర్నాడు బోధన్ బస్సెక్కాను.

అతను బావమరిది గిర్నీలో పిండి ఆడిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు, స్టూలు తుడిచి వేశాడు. అప్పుడే పిండి పట్టడం అయిపోయింది. నాతో మాట్లాడుతూనే పక్కకు జరిగి, గోడకున్న గిర్నీ స్విచ్‌ని మోచేత్తో ఠప్పున కొట్టి బంద్ చేశాడు. చూడకుండానే కొట్టాడు. చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"మోచేత్తో ఎందుకు కొట్టినవ్?" అన్నాను.

"అలవాటు సార్. బుట్ట కాడ చేతులు పొద్దుమూకులు పాకమే గద. పాకం చేత్తోని బటన్ ముడితే మేనేజరు గులుగుతడు, ప్యానెల్ ఖరాబైతదని. గందుకే అందరం మోచేత్తోనే కొడుతం. మీకు తెల్వదా?"

తెలియదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ బుట్టలు ఎన్నిసార్లు బాగుచేశానో లెక్కలేదు. మిషన్ ఆగి ఉన్నప్పుడే పోయేవాణ్ణి, ఆగి ఉన్నప్పుడే చూసేవాణ్ణి. మనుషులు దాన్ని ఎలా ముట్టుకుంటారో ఒక పూట నిలబడి చూసిన పాపాన పోలేదు.

"ఎప్పుడన్నా కొడితే ఆగకపోయేదా?" అన్నాను.

"అప్పుడప్పుడు అలుగుతుండె. మల్లొక్కసారి కొడితే ఆగుతుండె. మీ రిపేర్ల రిజిస్టర్ల గూడ రాయించినం గద సార్, బటన్ అలుగుతుందని."

రాయించారు. నాకు గుర్తుంది. ఆ రిజిస్టరులో ఆ ఫిర్యాదు కింద 'స్విచ్ శుభ్రము చేయబడినది' అని నా చేతిరాతే ఉంది. ఒకసారి కాదు, మూడు సీజన్లలో మూడుసార్లు. కూలివాడు అలిగిందంటే అది మాటవరసకు అన్నాడనుకున్నాను. ఆ మాటే పెద్ద చదువు చదివిన మేనేజర్ 'స్పందించడం లేదు' అని అని ఉంటే బోర్డు విప్పేవాణ్ణి. సిగ్గుపడాల్సిన మాట ఇది, అందుకే దాచకుండా చెబుతున్నాను.

ఇక్కడ కాస్త సాంకేతికం తప్పదు. వంటచేస్తున్న మనిషిని వాకిట్లోంచి ఎవరో పిలిచారనుకోండి. చేస్తున్న పని వదిలి పోయి చూస్తుంది. బోర్డులో దాన్నే ఇంటరప్ట్ అంటాం. స్టాప్ బటన్ అలాంటి పిలుపు. అయితే ముఖ్యమైన పని మధ్యలో పిలుపులు వద్దనుకుంటే కాసేపు చెవులు మూసుకునే వీలు కూడా ఉంటుంది. మా బోర్డు ప్రతి సెకనుకూ ఒకసారి బుట్ట వేగాన్ని రికార్డులో రాసుకుంటుంది. ఆ రాసుకునే సేపు, సెకనులో పదోవంతు పైచిలుకు, చెవులు మూసుకుని ఉంటుంది.

మొదట్లో నేను పెట్టిన పద్ధతిలో ప్రమాదం లేదు. చెవులు మూసుకున్నప్పుడు ఎవరైనా పిలిచినా వాకిట్లో పలక మీద గీత పడేది. చెవులు తెరవగానే గీత చూసుకుని లేచేది. కానీ పక్కన పెద్ద మోటారు వేసినప్పుడల్లా తీగల్లో కరెంటు తుళ్లింత వల్ల ఎవరూ పిలవకుండానే గీత పడి, బుట్ట ఉత్తినే ఆగేది. దానికి సరైన మందు బటన్ తీగను మోటారు తీగలకు దూరంగా వేయడం. అందుకు నేల తవ్వాలి. 'సీజన్ నడుస్తుంటే తవ్వుతవా?' అని మేనేజర్ నా మీద ఎగిరాడు. నేను ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చాను. గీతలు పడటం తీసేశాను. ఇక బోర్డు చెవులు తెరిచి ఉన్నప్పుడు పిలుపు వినబడుతూ ఉంటేనే లేస్తుంది. ఉత్తినే ఆగడం పోయింది. నా భుజం తట్టారు.

అప్పట్లో ఉన్నది నొక్కితే నొక్కినట్టే ఉండిపోయే పెద్ద ఎర్ర బటన్. ఎంతసేపైనా పిలుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ మార్పుతో ముప్పు రాలేదు. తర్వాత ఏడాది, పాకం చేతులతో దాన్ని మళ్లీ తిప్పి పైకి లేపడం కష్టంగా ఉందని, పని ఆలస్యమవుతోందని దాన్ని తీయించి, నొక్కి వదిలితే లేచొచ్చే మామూలు బటన్ పెట్టించారు. బిగించింది నేనే. ఆ పూట నాకు నా ఒక్క లైను గుర్తురాలేదు. బొటనవేలితో నొక్కితే వేలు కాసేపు అక్కడే ఆగుతుంది. మోచెయ్యి అలా కాదు, ఇలా తగిలి అలా వచ్చేస్తుంది. ఆ దెబ్బ సరిగ్గా చెవులు మూసుకున్న సందులో పడిందా, బోర్డుకు సంబంధించినంత వరకు ఎవరూ పిలవలేదు.

ఇంకా ఒళ్లు మండే సంగతి ఏమిటంటే, 'స్టాప్ నొక్కారు' అని రికార్డులో రాసేది కూడా ఆ పిలుపుకు లేచిన తర్వాతే. లేవకపోతే రాయదు. నిద్రపోయినవాణ్ణి తెచ్చి సాక్ష్యం చెప్పించి, వాడు ఏమీ వినలేదన్నాడు కాబట్టి ఏమీ జరగలేదని ఒక మనిషి బతుకు మీద తీర్పు ఇచ్చాం. అసలు స్టాప్ తీగ నేరుగా మోటారు కరెంటును కోసేయాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ప్రోగ్రాం అనుమతి అడిగే పనేమిటి? బోర్డు అయితే బ్రేకు వేసి ఒద్దికగా ఆపుతుందని ఆనాడు వాదించి గెలిచిన పెద్దమనిషిని కూడా నేనే.

నిజామాబాద్ వచ్చి, అలాంటిదే ఇంకో బోర్డు టేబుల్ మీద పెట్టి, మోటారుకు బదులు బల్బు తగిలించి, మోచేత్తో కొట్టడం మొదలుపెట్టాను. కొట్టగానే ఆరిపోయింది. మళ్లీ వెలిగించి కొట్టాను, ఆరిపోయింది. పదకొండోసారి బల్బు వెలుగుతూనే ఉంది. నేను దాని ముందు కూర్చుండిపోయాను.

మా యజమాని వయసులో నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. చూపించాను. అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థమైంది కాబట్టే తలుపు దగ్గరికి వేశాడు.

"మిషన్ మంచిగున్నదని నువ్వే రాసిచ్చినవు గద అన్నా."

"తప్పు రాసిన."

"ఇప్పుడు తప్పంటే ఏమైతదో ఎరుకేనా? మన బోర్డులు ఎన్ని ఊర్లల్ల ఉన్నయి?"

"ఎరుకే. అన్ని నేనే బిగించిన. గందుకే చెప్తున్న."

"సప్పుడు జెయ్యకుంట ప్రోగ్రాం మార్చేద్దాం. ఊరూరు తిరిగి మార్చిరా, నేనేం వద్దంట లేను. గా కాయిదం జోలికి పోకు. ఏడాదైతే రిటైర్ అయితవు, ఎందుకన్నా గీ లొల్లి?"

అతను చెడ్డవాడేం కాదు. మా ఇంట్లో జబ్బు చేసినప్పుడు అడక్కుండా వచ్చి ఆదుకున్నవాడు. అయినా ఆ క్షణాన నాకు అతని మీద కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు. మిషన్లన్నీ బాగవుతాయి, మనిషి మాత్రం దొంగగానే మిగలాలి. 'ఆ మనిషి మూడు నెలలు మొత్తుకున్నడు సార్. నేను ఫోన్ కట్ చేసిన' అని లేచి వచ్చేశాను. అదే రోజు, నా పాత రిపోర్టు తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు ఉత్తరం రాసి నా చేత్తోనే ఇచ్చొచ్చాను. మా యజమాని మర్నాటి నుంచి నన్ను అన్నా అనడం మానేశాడు.

ఇన్‌స్పెక్టర్ ఒక మేడమ్. అందరూ ఫ్యాక్టరీలోనే హాజరు కావాలని ఒక రోజు పెట్టింది. సీజన్ అయిపోయింది, ఫ్యాక్టరీ అంతా పులిసిన మడ్డి వాసన తప్ప ఇంకేం లేదు. ఆపరేటర్‌ని నాలుగు నెలల తర్వాత గేటు లోపలికి రానిచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గీకేవాణ్ణి కూడా పిలిపించారు. అతను తలుపు దగ్గర, కుడిచేతిని తువ్వాలలో దాచుకుని నిలబడ్డాడు. జోడీ వంక ఒక్కసారి కూడా చూడలేదు.

ఖాళీ బుట్టను తిప్పారు. ముందు మేనేజర్ వచ్చి బొటనవేలితో నొక్కాడు. ఆగింది. ఇరవైసార్లు నొక్కాడు, ఇరవైసార్లూ ఆగింది. "చూసిండ్రు గద మేడమ్" అన్నాడు. అప్పుడు నేను మోచేత్తో కొట్టాను. ఆరోసారి ఆగలేదు. మేనేజర్ నవ్వాడు.

"ఆయన చేసిన బోర్డే గద మేడమ్. ఎట్ల కొడితే ఆగదో ఆయనకు తెల్వదా? కావాలని కొట్టిండు."

మేడమ్ నా వంక చూసింది. అతనన్నది అబద్ధమే, కానీ కాదని ఎలా నిరూపించడం? ఆపరేటర్‌తో కొట్టిద్దామంటే అతను నింద మోస్తున్నవాడు, అతని దెబ్బకు విలువ లేదంటారు. అంత దూరం వచ్చి అక్కడ కథ మొదటికొచ్చింది. మేడమ్ ఫైలు మూయబోయింది.

"నేను కొడుత" అన్నాడు గీకేవాడు తలుపు దగ్గర నుంచి.

అందరం తిరిగి చూశాం. మేనేజర్ "నీకెందుకయ్యా, నువ్వు నిలవడు" అన్నాడు. అతను వినిపించుకోలేదు. వచ్చి బటన్ల ముందు నిలబడ్డాడు. ఎడమచెయ్యి వాడతాడనుకున్నాను. తువ్వాల తీసి భుజాన వేసుకుని, ఆ మూడు వేళ్లు లేని చేతినే మడిచి, మోచేత్తో కొట్టాడు. బుట్ట ఆగింది. మళ్లీ తిప్పమన్నాడు. కొట్టాడు. ఆగింది. మేడమ్ పక్కనున్న గుమాస్తా గీతలు గీస్తున్నాడు. కొట్టిన ప్రతిసారీ బుట్ట ఆగుతుంటే గీకేవాడి మొహం గట్టిపడుతోంది. నన్నూ ఆపరేటర్‌నీ కలిపి అబద్ధాలకోరుల్లో వేసుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. పద్నాలుగోసారి కొట్టాడు. బుట్ట తిరుగుతూనే ఉంది.

అతను బటన్ దగ్గరే ఉన్నాడు. రెండోసారి కొట్టలేదు. తిరుగుతున్న బుట్టనే చూస్తూ నిలబడ్డాడు. చివరికి నేనే పోయి మెయిన్ స్విచ్ దించాను.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. తప్పు యంత్రానిదని మేడమ్ రాసింది. పోలీసు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. స్టాప్ తీగలు నేరుగా మోటారుకు కలిపి, పాత ఎర్ర బటన్లు మళ్లీ బిగించాను. తర్వాత మా బోర్డులున్న ప్రతి ఊరూ తిరిగాను. ఆ పని పూర్తయ్యేసరికి రిటైరయ్యే రోజు వచ్చింది. వీడ్కోలు సభ పెట్టలేదు, పెట్టినా పోయేవాణ్ణి కాదు. ఆపరేటర్‌ని మళ్లీ పనిలోకి పిలిచారు, అతను పోలేదు. ఇక మేనేజర్ ఏం చేశాడంటే, బుట్టల దగ్గర గోడకు ఒక బోర్డు రాయించాడు. 'స్టాప్ బటన్ బొటనవేలితో మాత్రమే నొక్కవలెను' అని. నాలుగు నెలలు ఒక మనిషిని కాల్చుకుతిని వాళ్లు నేర్చుకున్నది అది. ఇప్పటికీ అటు పోతే లోపలికి వెళ్లి చూస్తుంటాను, రంగు కూడా వెలవలేదు.

నేను స్విచ్ దించాక బుట్ట నెమ్మదిగా ఆగింది. గీకేవాడు అప్పుడు వెనక్కి తిరిగి, ఇన్నాళ్లలో మొదటిసారి జోడీ మొహం చూశాడు.

"నువ్వు కొట్టినవు భాయ్" అన్నాడు.

"గదే చెప్తున్న గద" అన్నాడు ఆపరేటర్. "నాలుగు నెలల సంది గదే చెప్తున్న."